రెండు మార్కుల తూనీగ

మా కాలేజీలో కొత్తగా చేరిన జువాలజీ లెక్చరర్లు ఇద్దరు మొన్న ఇంటికొచ్చి, "మాస్టారూ, మీ అనుభవాలు నాలుగు పేజీలు రాసివ్వండి, మాకు పనికొస్తాయి" అన్నారు. టీ తాగి వెళ్ళారు. వాళ్ళు గేటు దాటగానే మా ఆవిడ, "పనికొచ్చే అనుభవాలు మీకేమున్నయ్యండీ?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

ఆలోచిస్తే ఆమె అడిగింది సబబే అనిపించింది. నరసరావుపేటలో ఒకే కాలేజీలో, ఒకే గదిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ప్రమోషన్ల గురించి రాద్దామంటే వచ్చినవే తక్కువ, అవీ ఆలస్యంగా వచ్చాయి. నేను కనిపెట్టింది ఏమీ లేదు. బాగా చేసిన పనుల జాబితా వేయబోతే కాగితం అర పేజీ కూడా నిండలేదు. తప్పుల జాబితా వేద్దామని కూర్చుంటే మాత్రం చేయి ఆగలేదు. అందులోంచి ఒక్కటి ఏరి రాస్తున్నాను. ఇది ఒక సన్న తూనీగ గురించి, దాని పేరు మీద నేను కొట్టేసిన రెండు మార్కుల గురించి. ఆ మార్కులు పోగొట్టుకున్న అమ్మాయి పేరు సువార్త.

లేబుల్ మీద నమ్మకం

నేను చేరేనాటికి మా డిపార్టుమెంటు హెడ్డు కోటేశ్వరరావు గారు. ఆస్తమా మనిషి. గడ్డి, దుమ్ము, పుప్పొడి ఏదీ పడదు. అందుచేత జంతుశాస్త్రం మొత్తం తలుపులు వేసుకుని గదిలోనే చెప్పేవారు. పాఠం మాత్రం గొప్పగా ఉండేది. ఆయన కప్ప గుండె బొమ్మ గీస్తే, తరవాతి క్లాసు వాళ్ళకు బోర్డు తుడవబుద్ధయ్యేది కాదు. చేతిరాత ఇంకా గొప్పది. మ్యూజియం బీరువాల్లో ప్రతి సీసాకీ, ప్రతి పెట్టెకీ ఆయనే నల్ల సిరాతో లేబుళ్ళు రాశారు. "పురుగు పొరబడొచ్చు గానీ లేబుల్ పొరబడదయ్యా" అనేవారు. ఆయన అది హాస్యానికి అన్నారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ బీరువాలు చూసుకోవడం నా పని. సూదికి గుచ్చి ఎండబెట్టిన పురుగులకు చీమలు పట్టకుండా పెట్టెల మూలల్లో కలరా ఉండలు పెట్టేవాణ్ణి. నా చొక్కాకూ అదే వాసన, నా అన్నం క్యారేజీకీ అదే వాసన. పిల్లలు నాకు కలరా ఉండల సారు అని పేరు పెట్టారు. నేను కారిడార్లోకి రాకముందే వాసన వచ్చేది కాబట్టి వాళ్ళకు మంచి సౌకర్యంగా ఉండేదట.

మా ప్రాక్టికల్ పరీక్ష సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. బల్లల మీద వరసగా నమూనాలు పెట్టి, లేబుళ్ళు కనపడకుండా కాగితం అంటించి, నంబర్లు వేస్తాం. గంట కొట్టినప్పుడల్లా విద్యార్థి ఒక బల్ల నుంచి పక్క బల్లకు జరుగుతూ అదేమిటో, ఎట్లా గుర్తుపట్టాడో రాయాలి. మా పిల్లలు జంతువుల్ని కాకుండా సీసాల్ని గుర్తుపెట్టుకునేవాళ్ళు. మూత అంచు విరిగిన సీసా అయితే జలగ, మెడ దగ్గర పసుపు మరక ఉంటే నీటిపాము. ఒక ఏడు నేను బీరువా శుభ్రం చేస్తూ సీసాలు మార్చాను. సగం క్లాసు జలగకు వెన్నెముక ఉందని రాసిపారేసింది. పిల్లల్ని చెడామడా తిట్టాను. వాళ్ళు సీసాను నమ్ముకున్నట్టే నేను లేబుల్‌ను నమ్ముకుని బతుకుతున్నానని అప్పట్లో తట్టలేదు.

ఆరో నంబరు, ఏడో నంబరు

వాలినప్పుడు రెక్కలు పక్కలకు చాచి కూర్చునేవి పెద్ద తూనీగలు. రెక్కలు వీపు మీద జోడించి కూర్చునేవి సన్న తూనీగలు. మన పల్నాడులో కాలువ గట్ల మీద, నారుమళ్ళ దగ్గర, ఆఖరికి గేదెల కుడితి తొట్టి పక్కన కూడా కనిపించే సన్న తూనీగ ఒకటుంది. అగ్గిపుల్లంత కూడా ఉండదు. ఒంటి మీద నలుపు, ఛాతీ పక్కల పచ్చ, తోక చివర నీలం. పుస్తకాల్లో దాని పేరు ఇష్నూరా సెనెగాలెన్సిస్. మా పెట్టెలో దాని పక్కనే నారింజ రంగుది ఇంకొకటి ఉండేది. దానికి కోటేశ్వరరావు గారు ఇష్నూరా అరోరా అని లేబుల్ రాశారు. అరోరా అనే జాతి నిజంగానే ఉంది, మన వైపూ తిరుగుతుంది. కానీ ఆ పెట్టెలోది అది కాదు.

దాదాపు ఇరవై ఏళ్ళ కిందట, ప్రాక్టికల్సుకు ముందు రోజు ఆ పెట్టె తెరిచాను. చీమలు రెండు తూనీగల్నీ తినేసి వెళ్ళాయి. కలరా ఉండలు మార్చడం మర్చిపోయిన ఘనుణ్ణి నేనే. లేబుళ్ళు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే వల భుజాన వేసుకుని కాలువ గట్టుకు వెళ్ళాను. నేను వల విసిరే తీరు చూసి, గేదెలు తోలుకొచ్చిన ముసలమ్మ ఒకామె, "ఏంది నాయనా, దోమల కోసమా?" అని జాలిగా అడిగింది. చివరకు నీలి తోకది ఒకటి, నారింజది ఒకటి దొరికాయి. పాత లేబుళ్ళలోని పేర్లే కొత్త లేబుళ్ళ మీద ఎక్కించాను. లేబుల్ మీద పురుగు పేరు, ఊరు, తేదీ రాశాక చివర "గుర్తించినవారు" అని ఒక గీత ఉంటుంది. ఆ గీత మీద మొదటిసారి నా పేరు రాసుకుని, సిరా ఆరేదాకా మురిసిపోయాను. గుర్తించింది ఏమీ లేదు, చూచిరాత అంతే.

నీలి తోకది ఆరో నంబరు బల్ల మీద, నారింజది ఏడో నంబరు బల్ల మీద పెట్టాను.

సువార్తది ముప్పాళ్ళ దగ్గర పల్లె. అమ్మానాన్నలు నాట్లకూ కలుపులకూ వెళ్ళేవాళ్ళు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే. చివరి బెంచీలో కూర్చునేది, నోరెత్తేది కాదు. ఫస్ట్ క్లాసు తెచ్చుకుని యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదవాలని ఆమె పట్టుదల. ఆ సంగతి క్లాసులో అందరికీ తెలుసు, నాకు తప్ప. ఏడో నంబరుకు ఆమె ఇలా రాసింది: "ఇదీ ఆరో నంబరులోనిదీ ఒకటే జాతి. ఇది ఆడది, లేత వయసుది."

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ అది చదివి ఆమెను పిలిచారు.

"ఎట్లా తెలుసమ్మా?"

"నారుమళ్ళో చూశా సార్. మొదట్లో ఈ రంగులో ఉంటది, నాలుగు రోజులకి మారుద్ది. ఆ నీలి తోకదాంతోటే జత కడతది."

ఆయన నా వంక చూశారు. "ఏమోనండీ, ఒకసారి చూస్తే పోలా?"

అప్పుడు నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే మాత్రం ఈ పేజీలన్నీ దండగ. "నారుమడి సిలబస్‌లో లేదండీ" అన్నాను. బల్లల దగ్గరున్న పిల్లలు నవ్వారు. ఎగ్జామినర్ కూడా నవ్వారు. సువార్త తల దించుకుంది. ఏడో నంబరు పక్కన ఎర్ర సిరాతో సున్నా చుట్టి, రెండు మార్కులు కొట్టేశాను.

ఆ తూనీగ ఆడదో మగదో తేల్చడానికి పట్టే సమయం పది క్షణాలు. భూతద్దం పెట్టి పొట్ట కింద రెండో గణుపు చూడాలి. మగదానికి అక్కడ ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, తోక చివర ఆడదాన్ని పట్టుకునే కొక్కేలు ఉంటాయి. ఆడదానికి ఆ రెండూ ఉండవు. ఏటా ఈ పాఠం చెప్పేది నేనే. భూతద్దం దారం కట్టి నా జేబులోనే ఉంది. తీయలేదు. హెడ్డు గారు చెప్పి ఉంటే తీసేవాణ్ణి. ముందు బెంచీ వాళ్ళు చెప్పినా తీసేవాణ్ణేమో. నాట్లు వేసే ఇంటి పిల్లకు లేబుల్ కన్నా ఎక్కువ తెలిసి ఉంటుందన్న ఊహ కూడా నాకు రాలేదు. దీన్ని ఇన్నాళ్ళూ పొరపాటు అని చెప్పుకుంటూ వచ్చాను. పొరపాటు కాదు, పొగరు.

మోకాళ్ళు చేసిన మేలు

రిటైరయిన ఏడాదికి మోకాళ్ళు మొరాయించాయి. రోజూ నడవమన్నాడు డాక్టరు. రోడ్డు మీద నడిస్తే పాత విద్యార్థులు బండి ఆపి ఎక్కించుకుంటున్నారని కాలువ గట్టుకు మారాను. పది అడుగులకోసారి ఆయాసం. ఆగిన చోటల్లా తూనీగలు. ముప్పై ఏళ్ళు వాటి గురించి చెప్పినవాణ్ణి, బతికున్న తూనీగను తీరిగ్గా చూడటం అదే మొదలు. నేను వెనక్కి జరిగితే అది దగ్గరకొచ్చి వాలుతుందని, నా నీడ పడితే లేచిపోతుందని, మబ్బు పట్టగానే గడ్డిలోకి దిగిపోతుందని ఏ లేబుల్ మీదా లేదు.

"ఏందండీ, రోజూ కాలువ వంక వంగి చూస్తా నిలబడతన్నారంట? ఏమన్నా పడేసుకున్నారేమోనని ఊరంతా అడుగుతున్నారు" అని మా ఆవిడ విసుక్కుంది.

ఫోనులో ఫొటోలు తీయడం నేర్చుకున్నాను. మొదటి నెలంతా నా బొటనవేలి ఫొటోలే వచ్చాయి. తరవాత ఒక రోజు నారింజ రంగు తూనీగ స్పష్టంగా పడింది. జిల్లాలోని బయాలజీ టీచర్లు పిట్టల, పురుగుల ఫొటోలు పెట్టుకునే వాట్సాప్ గ్రూపులో నన్నూ చేర్చుకున్నారు. అందులో పెట్టి, "ఇష్నూరా అరోరా. ముప్పై ఏళ్ళ అనుభవంతో గుర్తించాను" అని కింద రాశాను. చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చాయి. వాటి మధ్యలో ఒక జవాబు.

"నమస్తే సార్. ఇది అరోరా కాదు సార్, సెనెగాలెన్సిస్ ఆడది. ఇంకా లేతది. సువార్త, ముప్పాళ్ళ."

"అమ్మా, నేను ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పాను" అని రాశాను.

"తెలుసు సార్. నేను మీ స్టూడెంట్‌నే. శనివారం మా ఊరు రండి, చూపిస్తా. ఆదివారం మాకు చర్చి ఉంటది."

నాకు ఆమె ఎవరో గుర్తు రాలేదు. ఇన్ని వందల మంది వెళ్ళారు కదా అని సర్దిచెప్పుకున్నాను. ఒక లావుపాటి పుస్తకం సంచిలో పెట్టుకుని, ఆ టీచరమ్మకు పాఠం చెప్పి వద్దామని శనివారం బస్సెక్కాను.

తూనీగలకు బొట్లు

బస్సు దిగేసరికి స్కూటీతో నిలబడి ఉంది. పక్క మండలం హైస్కూల్లో పనిచేస్తోంది. తిన్నగా పొలానికి తీసుకెళ్ళింది. నారు పోసి పదిహేను రోజులైనట్టుంది, మడి పచ్చగా ఉంది. ఆ గట్టు మీద కాలు పెట్టగానే, నారుమడి సిలబస్‌లో లేదు అన్న నా మాట నాకే వినపడింది. సంచిలో పుస్తకం ఒక్కసారిగా బరువెక్కింది.

ఆ క్షణమే క్షమించమని అడగవలసింది. అడగలేదు. "సరే, నీ రుజువేమిటో చూపించు" అన్నాను, పరీక్ష పెట్టేవాడిలాగా.

ఆమె చేతిసంచిలోంచి ఆకుపచ్చ మార్కర్ పెన్ను తీసింది. "నారింజవే పడదాం సార్. రెక్క మీద చుక్క పెట్టి వదిలేద్దాం. చుక్కలు మీరే పెట్టండి, మళ్ళీ నేనేదో చేశానంటారు. వచ్చే శనివారం వచ్చి అవి ఏ రంగులో ఉన్నయ్యో చూద్దాం."

అలాంటి తేలిక ఉపాయం ముప్పై ఏళ్ళలో నాకు తట్టలేదు. ఆమె వల వాడదు. వంగి, తూనీగ జోడించిన రెక్కల్ని వెనక నుంచి రెండు వేళ్ళతో పట్టేస్తుంది. నేనూ అలాగే పట్టబోయి, మోకాలు సహకరించక మళ్ళోకి కూలబడ్డాను. నడుం దాకా బురద. ఆ బురద చేతులతోనే చుక్కలు పెట్టాను. ఇరవైకి పైగా పెట్టి ఉంటాం. గట్టు చివర ఆమె తండ్రి ఏసోబు గారు తువ్వాలు తలకు చుట్టుకుని కూర్చుని మమ్మల్నే చూస్తున్నారు.

"ఏంది సారూ, తూనీగలకి బొట్లు పెడతన్నారా?" అని అడిగారు.

"అవునయ్యా" అన్నాను. ఇంకేం చెప్పను?

మళ్ళీ శనివారం వెళ్ళాను. రెండు గంటలు వెతికితే చుక్క ఉన్నది ఒక్కటీ కనపడలేదు. లోపల ఎక్కడో నాకు సంతోషంగా కూడా ఉంది, అబద్ధం చెప్పను. పదిన్నర ప్రాంతంలో సువార్త నా మోచెయ్యి తట్టి, నీటి అంచున ఒక గడ్డిపరక చూపించింది. నీలి తోక మగది ఒక ఆడదాన్ని మెడ దగ్గర కొక్కేలతో పట్టుకుని ఉంది. ఆడది ఒళ్ళు వంచి దాని పొట్టకు అతుక్కుంది. రెండూ కలిసి గుండ్రంగా, కదలకుండా ఉన్నాయి. ఆడదాని ఒంటి మీద నారింజ రంగు జాడే లేదు, ముదురు ఆకుపచ్చకు తిరిగింది. దాని రెక్క మీద ఆకుపచ్చ చుక్క ఉంది, నా వంకర చేతి చుక్క.

భూతద్దం తీయబోయి మానేశాను. చూడవలసింది ఇంకేమీ లేదు.

"కొన్ని ఆడవి అచ్చం మగదాని రంగులోనే ఉంటయ్ సార్. వాటితో ఇంకా చానా తికమక" అంది సువార్త, నన్ను ఓదార్చడానికి.

"ఆ రోజు ఏడో నంబరు..." అని మొదలుపెట్టాను.

"గుర్తుంది సార్."

"రెండు మార్కులు కదా?"

"రెండే సార్. ఫస్ట్ క్లాసుకి ఒకటి తగ్గింది." ఆమె ఆ జంటనే చూస్తోంది. "ఎమ్మెస్సీకి పోలేదు, బీఈడీ చేశా. ఏందమ్మా, తప్పు రాశావా అని నాయన అడిగాడు. అవును నాయనా, తప్పు రాశానన్నా. తర్వాత నాలుగైదేళ్ళు తూనీగల వంక చూళ్ళేదు."

నేను చెప్పవలసిన మాట ఒక్కటే ఉంది. అది చెప్పకుండా, "ఎండెక్కిందమ్మా, వెళ్దాం" అన్నాను. ముప్పై ఏళ్ళు నోటితో బతికినవాడికి కావలసినప్పుడు నోరు రాలేదు. బస్సులో నరసరావుపేట దాకా తల కిటికీకి ఆనించి కూర్చున్నాను. కళ్ళు తుడుచుకుంటుంటే పక్కాయన దుమ్మని కిటికీ మూశాడు.

ఒకే సూది

మార్కుల జాబితా మార్చే దారేమైనా ఉందేమోనని కనుక్కున్నాను. లేదు. నా చేతిలో ఉన్నది లేబుల్ ఒక్కటే.

కాలేజీకి వెళ్ళి, ఇప్పుడు ఈ రాత అడిగిన లెక్చరర్లు మీ ఇద్దరి చేతనే ఆ బీరువా తెరిపించాను. ఏడో నంబరు తూనీగ ఇంకా ఉంది. రంగు పూర్తిగా పోయి గడ్డిపోచలా తయారైంది. పొట్ట కింద రెండో గణుపు చూశాను, పది క్షణాలు పట్టింది. ఆడదే. దాని సూదికి, నా పేరుతో నా లేబుల్. మన వృత్తిలో ఒక పద్ధతి ఉంది, మీకూ తెలిసే ఉంటుంది. పేరు తప్పని తేలినా పాత లేబుల్ తీసి పారెయ్యకూడదు. కొత్తది రాసి, అదే సూదికి పాతదాని కింద గుచ్చాలి. ఎవరు ఎప్పుడు ఏమనుకున్నారో తరవాతివాళ్ళకు తెలియాలి. ఈ పద్ధతి మొదటిసారి నాకు శిక్షలాగా కనిపించింది. కొత్త లేబుల్ మీద ఇష్నూరా సెనెగాలెన్సిస్, ఆడ అని రాసి, గుర్తించినవారు అన్న గీత మీద సువార్త పేరు, ఊరి పేరు రాశాను. రాస్తున్న రోజు తేదీయే వేశాను. ఫొటో తీసి ఆమెకు పంపుతూ, నోటితో చెప్పలేని మాట వేలితో టైపు చేశాను: "తప్పు నువ్వు రాయలేదమ్మా. తప్పుగా దిద్దింది నేనే. ఈ మాట మీ నాయనకు చెప్పు."

మర్నాడు మధ్యాహ్నం దాకా జవాబు లేదు. తరవాత వచ్చింది.

"నాయనకి చదివి వినిపించా సార్. రెండు సార్లు చదివించుకున్నాడు. తేదీ ఏంది ఈ ఏడుది వేశారు, నువ్వు చెప్పింది ఇప్పుడు కాదుగదమ్మా అన్నాడు."

మళ్ళీ బయల్దేరాను. "ఇంకా ఏంది మాస్టారూ?" అన్నారు మీరిద్దరూ తాళం తీస్తూ. తేదీ తప్పు పడిందన్నాను. సరైన తేదీ కోసం వెతకవలసిన పని పడలేదు. పరీక్ష రోజు పొద్దున మురిసిపోతూ రాసుకున్న నా పాత లేబుల్ మీదే ఉంది. అది చూసి కొత్తదాని మీద ఎక్కించాను. చూచిరాతే, కానీ ఈసారి సరైనదే రాశాను.

మీకు పనికొచ్చేది కావాలన్నారు కదా, ఆ పెట్టె తెరవండి. ఒకే సూదికి రెండు లేబుళ్ళుంటాయి. రెండూ నా చేతిరాతే, రెండింటి మీదా ఒకటే తేదీ. పైది చదివి నవ్వుకోండి. కింది లేబుల్‌ను జవాబుగా ఉంచుకుని ఆ తూనీగను పరీక్షలో పెట్టండి. ఎవరైనా అలా రాస్తే, చివరి బెంచీ అయినా సరే, రెండు మార్కులూ వేయండి.